‘బ్యాకప్ ఉంచుకోండి’ అంటే చాలదు, డిస్కు బయటికి రావాలి

సంపాదకులు గారికి,

ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ గురించి పత్రికల్లో వార్త వచ్చిన ప్రతిసారీ చివర ఒక సలహా ఉంటుంది: ‘ఎప్పటికప్పుడు బ్యాకప్ తీసి ఉంచుకోండి’. ఆ ఒక్క వాక్యంతో పని జరగదు. సర్వర్ వెనక ఒక యూఎస్‌బీ డిస్కు తగిలించి, రాత్రి రెండు గంటలకు దానంతటదే జరిగేలా క్రాన్‌లో కాపీ పెట్టేసి, ‘మాకు బ్యాకప్ ఉంది’ అనుకునే ఆఫీసులు మన ఊళ్లలో కొల్లలు. నర్సింగ్ హోములు, ఆడిటర్ల ఆఫీసులు, ప్రింటింగ్ ప్రెస్సులు, కాలేజీలు అన్నిచోట్లా ఇదే తంతు. అక్కడున్నది లైనక్స్ సర్వర్ అయితే ధీమా ఇంకాస్త ఎక్కువ. లైనక్స్‌కు వైరస్ రాదు కదా అంటారు. సర్వర్‌కు రాకపోవచ్చు. లైనక్స్ ఫోల్డర్లను విండోస్‌కు అందించే సాంబా ద్వారా ఆ సర్వర్ ఫోల్డర్లను తెరిచి కూర్చున్న ఒక్క విండోస్ కంప్యూటర్‌కు వస్తే చాలు, అక్కడి నుంచే సర్వర్‌లో తన చెయ్యి అందినంత మేరా ఫైళ్లను పనికిరాకుండా చేస్తుంది. సర్వర్ మాత్రం నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. రాత్రి రెండు గంటలకు ఆ పాడైన ఫైళ్లనే బుద్ధిగా బ్యాకప్ డిస్కు మీదికి ఎక్కిస్తుంది.

అందుకని, ఊడదీసి పక్కన పెట్టగలిగే కార్ట్రిడ్జ్ డిస్కులను లైనక్స్ మీద ఎలా వాడాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో ఈ ఉత్తరంలో రాస్తున్నాం. కమాండ్లను అక్షరం పొల్లుపోకుండా అచ్చువేయడం పత్రికలో కష్టం కనుక వాటి పేర్లూ ఆప్షన్లూ పలికే తీరులోనే ఇస్తున్నాం. పని చేసేవారికి అవి తెలిసినవే.

ఇప్పుడు దొరికే కార్ట్రిడ్జ్‌లలో చిన్న ఆఫీసుకు తగినది ఆర్‌డీఎక్స్. పేరు చూసి ఉలిక్కిపడనక్కర్లేదు. విమానంలో తీసుకెళ్లేవాళ్లు మాత్రం కవరు మీద ఆ మూడక్షరాలు పెద్దగా రాయకపోతే మంచిది. లోపల ఉండేది రెండున్నర అంగుళాల సాటా హార్డ్‌డిస్కే. దాన్ని దెబ్బ తట్టుకునే డొల్లలో బిగించి, మాటిమాటికీ పెట్టి తీయడానికి తగిన కనెక్టర్ ఇచ్చారు. తయారీదారులు చెప్పే లెక్క 5,000 సార్లు. మామూలు సాటా కేబుల్ కనెక్టర్‌ను రూపొందించిందే 50 సార్ల వాడకానికి. విడి డిస్కులను రోజూ మార్చే ఆఫీసులో మొదట అరిగేది అదే. ఈ కార్ట్రిడ్జ్‌ను పెట్టే పెట్టె, అంటే డాక్, యూఎస్‌బీ 3 మీద పనిచేస్తుంది, లైనక్స్‌కు మామూలు డిస్కులాగే కనిపిస్తుంది, వేరే డ్రైవర్ అక్కర్లేదు. ఒక టెరాబైటుకు ఎంత పడుతుందని చూస్తే మాత్రం మామూలు యూఎస్‌బీ డిస్కు కన్నా ఖరీదే. ఆ తేడా పెట్టలేనివారు మంచి రకం యూఎస్‌బీ డిస్కులు నాలుగు కొని, కింద చెప్పే పద్ధతినే పాటించవచ్చు. డిస్కు చేత్తో తియ్యాలి, అంతే తేడా.

డిస్కు అలా బయటికి రావడమే అసలు సంగతి. బ్యాకప్ పూర్తయ్యాక స్క్రిప్టు ‘ఎజెక్ట్’ కమాండ్ ఇస్తే డాక్‌లోని మోటారు కార్ట్రిడ్జ్‌ను బయటికి తోస్తుంది. దాన్ని మళ్లీ లోపలికి లాక్కోవడం ఏ సాఫ్ట్‌వేర్ వల్లా కాదు. మనిషి వచ్చి నెట్టాలి. చొరబడ్డ దొంగ మన సర్వర్‌లో రూట్ అధికారం, అంటే సర్వాధికారం, సంపాదించినా సగం బయటికి వచ్చిన కార్ట్రిడ్జ్‌ను ఏమీ చేయలేడు. రోజూ సాయంత్రం ఒకరు కార్ట్రిడ్జ్ పెట్టి వెళ్లడం, రాత్రి పని ముగిశాక అది తానే బయటికి రావడం, పొద్దున వచ్చినవారు దాన్ని తీసి బీరువాలో పెట్టడం. ఇంతే దినచర్య. ‘రోజూ ఎవరు పెడతారు, లోపలే ఉంచేద్దాం’ అనుకున్న రోజున మళ్లీ పాత యూఎస్‌బీ డిస్కు కథే.

కొత్త కార్ట్రిడ్జ్ సాధారణంగా విండోస్ ఫార్మాట్‌తో వస్తుంది. దాన్ని అలాగే వాడొద్దు. ఫైలు ఎవరిది, ఎవరికి ఏ అనుమతి ఉంది అన్న వివరాలు లైనక్స్‌లో ఉన్నవి ఉన్నట్టు నిలవాలంటే ఈఎక్స్‌టీ4 గానీ ఎక్స్‌ఎఫ్‌ఎస్ గానీ, ఏదో ఒక లైనక్స్ ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి. విండోస్ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో అయితే ఆ వివరాలూ ఉండవు, ఒకే ఫైలుకు రెండో పేరు ఇచ్చే హార్డ్‌లింకులూ ఉండవు. ఈఎక్స్‌టీ4 మామూలుగా నూటికి 5 వంతుల స్థలాన్ని రూట్ కోసం అట్టేపెడుతుంది. 2 టీబీ కార్ట్రిడ్జ్ మీద అది 100 జీబీ. బ్యాకప్ డిస్కుకు ఆ రిజర్వు అక్కర్లేదు, ఫార్మాట్ చేసేటప్పుడే ‘ఎం’ ఆప్షన్‌కు సున్నా ఇవ్వండి. ఒక్కో కార్ట్రిడ్జ్‌కు ఒక్కో లేబుల్ పెట్టండి, అదే పేరు డొల్ల మీద చీటీ అంటించి రాయండి. చీటీ మీద ‘బి’ అని ఉండి లోపల లేబుల్ ‘సి’ అని ఉంటే, అవసరం పడిన రోజున దాని వల్ల పోయే గంటలు చాలా విలువైనవి.

మౌంట్ చేయడానికి, అంటే డిస్కును ఒక ఫోల్డర్‌కు తగిలించి వాడుకోవడానికి, లైనక్స్ వరసగా ఇచ్చే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లను నమ్ముకోవద్దు. ఒక పెన్‌డ్రైవ్ ముందుగా పెడితే ఆ వరసే మారిపోతుంది. లేబుల్‌తోనో, డిస్కు ప్రత్యేక గుర్తు సంఖ్య అయిన యూయూఐడీతోనో గుర్తుపట్టాలి. ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో రాసేటట్టయితే ‘నోఆటో’, ‘నోఫెయిల్’ అనే రెండు మాటలూ ఉండాలి. అవి లేకపోతే, కార్ట్రిడ్జ్ లేకుండా సర్వర్ రీస్టార్ట్ అయిన రోజున లైనక్స్‌ను లేపే సిస్టమ్‌డీ దానికోసం 90 సెకన్లు ఎదురుచూసి, రాకపోయేసరికి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. కరెంటు పోయి వచ్చిన అర్ధరాత్రి ఇలా ఆగిందంటే, పొద్దున పదింటికి మనిషి వచ్చి తెరముందు కూర్చునేదాకా ఆఫీసు మొత్తం ఖాళీ.

ఇంకో మాయ ఉంది. దాని గురించి కాస్త వివరంగానే చెప్పాలి. కార్ట్రిడ్జ్ మౌంట్ కాకపోయినా, దాన్ని తగిలించే ఫోల్డర్ మాత్రం సర్వర్ సొంత డిస్కు మీద ఖాళీగా ఉంటుంది. స్క్రిప్టుకు తేడా తెలియదు. బ్యాకప్ మొత్తాన్ని ఆ ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే సర్వర్ డిస్కు మీదికే, రాసేస్తుంది. డిస్కు నిండి డేటాబేస్ ఆగిపోయాక గానీ ఎవరికీ తెలియదు. పైగా మర్నాడు కార్ట్రిడ్జ్ తగిలిస్తే ఆ ఫైళ్లు దానికింద కప్పబడిపోయి, స్థలం ఎటుపోయిందో అంతుచిక్కదు. దీనికి రెండు కట్లు వేయాలి. స్క్రిప్టు మొదట్లోనే ‘మౌంట్‌పాయింట్’ కమాండ్‌తో అక్కడ నిజంగా ఏదైనా మౌంట్ అయిందో లేదో చూసి, కాకపోతే తప్పుకోవాలి. రెండోది, కార్ట్రిడ్జ్ లేనప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్‌కు ‘చాటర్’ కమాండ్‌తో ‘ప్లస్ ఐ’ గుర్తు పెట్టాలి. అప్పుడు రూట్ కూడా అందులో ఏమీ రాయలేడు. కార్ట్రిడ్జ్ మౌంట్ చేయడానికి మాత్రం ఆ గుర్తు అడ్డురాదు.

కాపీకి ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం చాలు. ‘ఏ’తో పాటు పెద్ద ‘హెచ్’, పెద్ద ‘ఏ’, పెద్ద ‘ఎక్స్’, ‘న్యూమరిక్ ఐడీస్’ ఇవ్వాలి. వీటివల్ల హార్డ్‌లింకులు, ఏసీఎల్‌లు (ఎవరికి ఏ అనుమతో చెప్పే జాబితాలు), అదనపు లక్షణాలు కూడా నిలుస్తాయి. ఒకే ఫోల్డర్ మీద ‘డిలీట్’తో అద్దంలా కాపీ చేయడం మాత్రం పనికిరాదు. పాడైన ఫైలు మంచిదాన్ని తుడిచేస్తుంది. రోజుకో తేదీ ఫోల్డర్ ఉండాలి, మారని ఫైళ్లను ‘లింక్ డెస్ట్’ ద్వారా పాత ఫోల్డర్ నుంచి హార్డ్‌లింక్ చేయాలి. ఉదాహరణకు మీ డేటా 400 జీబీ, రోజుకు మారేది 2 జీబీ అనుకుందాం. ఒక టీబీ కార్ట్రిడ్జ్‌లో మొదటి కాపీ పోగా మిగిలే 600 జీబీ మూడు వందల రోజుల మార్పులకు సరిపోతుంది.

కార్ట్రిడ్జ్‌లు మార్చేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. చాలామంది స్క్రిప్టులో ‘నిన్నటి తేదీ ఫోల్డర్‌తో లింక్ చెయ్యి’ అని రాస్తారు. ఒకే డిస్కు ఉన్నంతకాలం అది సరిగ్గానే నడుస్తుంది. ఏ, బి, సి అని మూడు కార్ట్రిడ్జ్‌లు రోజుకొకటి తిప్పుతుంటే నిన్నటి ఫోల్డర్ ఉన్నది బీరువాలోని ఇంకో కార్ట్రిడ్జ్‌లో. ఆర్‌సింక్ ఆ దారి కనబడలేదని ఒక ముక్క హెచ్చరించి, పని ఆపకుండా 400 జీబీనీ మళ్లీ మొదటినుంచి కాపీ చేస్తుంది. కార్ట్రిడ్జ్ ‘ఏ’ ఒకటో రోజు, నాలుగో రోజు, ఏడో రోజు లోపలికి వెళ్తుంది. రెండు పూర్తి కాపీలు 800 జీబీ, మూడోది పట్టదు. ఏడో రోజు రాత్రి ‘స్థలం లేదు’ అంటుంది. ‘కార్ట్రిడ్జ్ చిన్నది కొన్నాం, పెద్దది కావాలి’ అని ఆఫీసువాళ్లు ఇంకో ఖర్చు పెట్టేది అప్పుడే. నిజానికి కావలసింది ఒక్క మార్పు. ప్రతి కార్ట్రిడ్జ్‌లోనూ ‘లేటెస్ట్’ పేరుతో ఒక సింబాలిక్ లింక్ పెట్టి, ఆ కార్ట్రిడ్జ్ మీద చివరిసారి సఫలమైన ఫోల్డర్‌ను అది చూపేలా చేయాలి. ఏ కార్ట్రిడ్జ్ గొలుసు దానిదే. టార్ ప్రోగ్రాంతో ఇంక్రిమెంటల్, అంటే మారినవాటినే, తీసేవారికీ ఇదే వర్తిస్తుంది. ఇదివరకు ఏవి కాపీ అయ్యాయో రాసుకునే గుర్తుల ఫైలు సర్వర్ మీద ఒక్కటే ఉంచితే, సోమవారం పూర్తి కాపీ ఒక డిస్కులోనూ, దాని మీద ఆధారపడే మంగళవారం మార్పులు ఇంకో డిస్కులోనూ పడతాయి.

కాపీ ముందుగా ‘అసంపూర్తి’ అనే అర్థం వచ్చే పేరున్న ఫోల్డర్‌లోకి జరగాలి. పని ముగిశాక ఆర్‌సింక్ ఇచ్చే ఫలితపు నంబరు సున్నా గానీ 24 గానీ అయితేనే ఆ ఫోల్డర్‌కు తేదీ పేరు పెట్టి లేటెస్ట్‌ను మార్చాలి. 24 అంటే కాపీ జరుగుతుండగా కొన్ని ఫైళ్లు మాయమయ్యాయని, తాత్కాలిక ఫైళ్ల విషయంలో అది మామూలే. 23 అంటే కొన్ని ఫైళ్లు కాపీ కాలేదని. దాన్ని వదిలేయకూడదు. ఇంకొకటి, సర్వర్ మీద ఎవరైనా మొత్తం ఫోల్డర్‌కు ‘చోన్’ కొట్టి యజమానిని మార్చితే, ఆ రాత్రి లింకులు కుదరక ఫైళ్లన్నీ కొత్తగా కాపీ అవుతాయి. ఉన్నట్టుండి 400 జీబీ ఎగిరితే మొదట అడగవలసిన ప్రశ్న అదే.

23 రావడానికి తెలుగువాళ్లకే ప్రత్యేకమైన కారణం ఒకటుంది. లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌లలో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూనికోడ్ తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అందులో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని ఆరు సంకేతాలు, 18 బైట్లు. అంటే పేరుకు 85 సంకేతాలే హద్దు, మామూలు మాటల్లో 40, 50 అక్షరాలు. విండోస్ ఫైల్‌సిస్టమ్ బైట్లు కాకుండా యూనిట్లు (తెలుగులో సంకేతానికి ఒకటి) లెక్కపెడుతుంది కనుక అందులో తెలుగు పేరు 255 సంకేతాల దాకా పడుతుంది. అర్జీ విషయమంతా ఫైలు పేరుగా పెట్టే అలవాటున్న ఆఫీసుల్లో, విండోస్ డిస్కు నుంచి ఈఎక్స్‌టీ4 కార్ట్రిడ్జ్‌కు కాపీ చేస్తే అలాంటి ఫైళ్లు ‘పేరు మరీ పొడవు’ అంటూ ఆగిపోతాయి. మిగతావన్నీ వెళ్తాయి కనుక ఎవరూ గమనించరు. లాగ్‌లో ఆ మాట కోసం వెతకండి, దొరికిన ఫైళ్లకు పేర్లు కుదించండి.

నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను నేరుగా కాపీ చేస్తే అవి సగం పాతవీ సగం కొత్తవీ అయి, తెరుచుకోకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీకి ‘సింగిల్ ట్రాన్సాక్షన్’తో డంప్ (డేటా అంతా రాసిన ఫైలు), పోస్ట్‌గ్రెస్‌కు పీజీ డంప్ ముందు తీసి, ఆ ఫైళ్లను కాపీ చేయాలి.

వేగం గురించి. రెండున్నర అంగుళాల డిస్కు సెకనుకు 100 ఎంబీ చొప్పున రాస్తే ఒక టీబీకి దాదాపు రెండు గంటల ముప్పావు పడుతుంది. అదే డాక్‌ను పొరపాటున యూఎస్‌బీ 2 పోర్టుకు పెడితే 30 ఎంబీకి పడిపోయి తొమ్మిదింబావు గంటలు. రాత్రి మొదలైన బ్యాకప్ మర్నాడు ఆఫీసు తెరిచాక కూడా సాగుతుంటే ‘ఎల్ఎస్ యూఎస్‌బీ’కి ‘టీ’ ఆప్షన్ ఇచ్చి చూడండి. 5000 ఎం బదులు 480 ఎం కనిపిస్తే పోర్టో కేబులో తప్పు. డాక్‌ను హబ్ ద్వారా కాకుండా సర్వర్ వెనక పోర్టుకే కలపాలి. కెర్నెల్ లాగ్‌లో మాటిమాటికీ ‘రీసెట్’ కనిపిస్తుంటే ముందు కేబుల్ మార్చండి, డిస్కును అనుమానించడం ఆ తర్వాత. ఇక పెద్ద కెపాసిటీ రెండున్నర అంగుళాల డిస్కుల్లో చాలావరకు ఎస్‌ఎంఆర్ రకం, అంటే ట్రాకులను ఒకదానిమీద ఒకటి కొంత కప్పుతూ రాసేవి. పాత తేదీ ఫోల్డర్లు తుడిచేటప్పుడు అవి గంటల తరబడి గింజుకుంటాయి. అందుకని తుడిచే పనిని కాపీకి ముందు కాకుండా తర్వాత పెట్టుకోవాలి.

తీసేటప్పుడు జరిగే తప్పులు వేరు. కాపీ ముగిసినట్టు కనిపించినా డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండవచ్చు. అన్‌మౌంట్ ముగిసేదాకా ఆగాలి, నిమిషాలు పట్టినా సరే. డిస్కు వాడకంలో ఉందని అన్‌మౌంట్ మొరాయిస్తే, దాన్ని ఎవరు పట్టుకున్నారో ‘ఫ్యూజర్’ చెబుతుంది. తరచూ అది ఎవరో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి వదిలేసిన టెర్మినల్. ‘ఎల్’ ఆప్షన్‌తో లేజీ అన్‌మౌంట్ చేయడం మాత్రం ఆత్మవంచన. ఫోల్డర్ కనబడకుండా పోతుంది గానీ రాత సాగుతూనే ఉంటుంది. మౌంట్ అయివున్నప్పుడు డాక్ మీది బటన్ నొక్కినా కార్ట్రిడ్జ్ రాదు. లైనక్స్ దానికి తాళం వేసి ఉంచుతుంది. బటన్ చెడిందనుకుని అత్యవసర రంధ్రంలో పిన్ను గుచ్చేవాళ్లున్నారు. ఆ రంధ్రం కరెంటు తీసేసిన డాక్‌కే.

కార్ట్రిడ్జ్ ఆఫీసు దాటి వెళ్తుంది కనుక లైనక్స్‌లోని లక్స్ పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేయక, అంటే తాళంచెవి లేనిదే చదవలేనట్టు మార్చక, తప్పదు. రాత్రి తనంతట తెరుచుకోవడానికి ఒక కీఫైలు సర్వర్ మీద ఉండవచ్చు. దానితో పాటు తాళంచెవులకు ఉండే చోట్లలో (స్లాట్లలో) రెండోదానిలో మనుషులు టైపు చేయగల పాస్‌ఫ్రేజ్, అంటే పొడవాటి పాస్‌వర్డ్, ఒకటి పెట్టి, కాగితం మీద రాసి ఆఫీసు బయట దాచాలి. లేకపోతే సర్వర్ కాలిపోయిన రోజున తాళంచెవి కూడా దానితోనే పోతుంది. పాస్‌ఫ్రేజ్ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి, రెస్క్యూ తెరమీద తెలుగు కీబోర్డు దొరకదు. ఎజెక్ట్‌కు ముందు అన్‌మౌంట్ ఒక్కటే చాలదు, ‘క్రిప్ట్‌సెటప్ క్లోజ్’ కూడా చేయాలి. మరిచిపోతే తర్వాత పెట్టిన కార్ట్రిడ్జ్‌కు పాత మ్యాపింగ్ అడ్డుపడుతుంది.

ఎన్ని కొనాలంటే, మా లెక్కలో నాలుగు. మూడు రోజూ తిరుగుతాయి, నాలుగోది నెలకోసారి నింపి వేరే ఊళ్లో పెట్టడానికి. వేరే ఊరని ఊరికే అనడం లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో నానింది. ఆఫీసూ ఇల్లూ అక్కడే ఉన్నవారికి ‘కార్ట్రిడ్జ్ ఇంటికి తీసుకెళ్లాం’ అన్న జాగ్రత్త అక్కరకు రాదు. విజయవాడ ఆఫీసు కార్ట్రిడ్జ్ హైదరాబాద్‌లోనో కర్నూలులోనో ఉండాలి. డాక్‌లు కూడా రెండుండాలి, రెండోది నాలుగో కార్ట్రిడ్జ్ ఉన్నచోటే. ఎండలో నిలిపిన కారులో కార్ట్రిడ్జ్ వదలొద్దు. విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్లలో ఏసీ గదిలో చల్లబడ్డ కార్ట్రిడ్జ్‌ను బయటికి తెచ్చి వెంటనే వాడితే లోపల చెమ్మ పడుతుంది. కవరులోనే ఉంచి, గది వేడికి వచ్చాక పెట్టాలి.

రెండు డాక్‌లు ఎందుకంటే, కార్ట్రిడ్జ్‌ల చరిత్రే దానికి కారణం: డిస్కు మిగిలినా దాన్ని చదివే డ్రైవ్ దొరకదు. ఐయోమెగా కంపెనీ జిప్ డిస్కు 100 ఎంబీతో మొదలై 250, 750 దాకా వెళ్లి ఆగిపోయింది. ఆ కంపెనీవే జాజ్, రెవ్ కూడా పోయాయి. ఇలాంటి డిస్కులే చేసిన సైక్వెస్ట్ కంపెనీ 1998లోనే దివాలా తీసింది. పాత డీటీపీ సెంటర్ల బీరువాల్లో జిప్ డిస్కులు ఇంకా ఉంటే ఇప్పుడే చదివించుకోవడం మేలు. యూఎస్‌బీ జిప్ డ్రైవ్ లైనక్స్‌లో మామూలు డిస్కులాగే పలుకుతుంది. మొదటి పార్టిషన్ లేదని కంగారు పడొద్దు, జిప్ డిస్కుల్లో డేటా సాధారణంగా నాలుగో పార్టిషన్‌లో ఉంటుంది. మౌంట్ చేసేముందు డీడీ రెస్క్యూ ప్రోగ్రాంతో ఇమేజ్, అంటే డిస్కు మొత్తానికి నకలు, తీసుకోండి. డ్రైవ్ టక్‌టక్‌మంటే ఆ డిస్కును ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడొద్దు. అంచు చిరిగిన డిస్కు మంచి డ్రైవ్ హెడ్‌ను చెడగొడుతుంది, ఆ హెడ్ తర్వాత పెట్టిన డిస్కులను చెడగొడుతుంది. అంటురోగమే.

తిరిగి తెచ్చుకోవడాన్ని మూడు నెలలకోసారి పరీక్షించాలి. సర్వర్ మీద కాదు, వేరే కంప్యూటర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైవ్ లైనక్స్‌తో లేపి, రెండో డాక్‌తో, కాగితం మీది పాస్‌ఫ్రేజ్‌తో. ఇరవై ఫైళ్లు ఏవో తీసి చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే సంఖ్య) పోల్చండి. మైఎస్‌క్యూఎల్ డంప్ చివరి వరుసలో ‘డంప్ కంప్లీటెడ్’ అని ఉందో లేదో చూడండి, లేకపోతే మధ్యలో తెగిందని అర్థం. డంప్‌ను ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, తెలుగు పేర్లు పేర్లలాగే ఉన్నాయో ప్రశ్నార్థకాలయ్యాయో చూడండి. నిజంగానే రాన్సమ్‌వేర్ పడ్డ రోజయితే, కార్ట్రిడ్జ్ లోపలికి నెట్టకముందే దాని మీది రైట్ ప్రొటెక్ట్ మీటను తాళం వైపు జరపండి. తేదీ ఫోల్డర్లన్నీ హార్డ్‌లింకులు కనుక, లోపలున్న ఫైలును ఎవరైనా అక్కడికక్కడే మార్చితే అన్ని తేదీల్లోనూ మారిపోతుంది. మీట వేశాక మౌంట్ మొరాయిస్తే, ఈఎక్స్‌టీ4 కార్ట్రిడ్జ్ అయితే ‘ఆర్‌ఓ’తో పాటు ‘నోలోడ్’ ఇస్తే తెరుచుకుంటుంది. జర్నల్‌లో, అంటే ఫార్మాట్ రాసుకునే చిట్టాలో, మిగిలినవి పూర్తిచేయడానికి రాత అవసరమై ఆగింది, అంతే.

పాతబడిన కార్ట్రిడ్జ్‌ను తుక్కువాడికి ఇచ్చేముందు ‘క్రిప్ట్‌సెటప్ ఎరేజ్’ కొడితే కీ స్లాట్లన్నీ పోయి లోపలి డేటా ఎవరికీ తెరుచుకోదు, సెకన్ల పని. లక్స్ హెడర్ (కీ స్లాట్లుండే మొదటి భాగం) బ్యాకప్ ఎక్కడైనా దాచివుంటే దాన్నీ అదే రోజు తుడిచేయండి.

ఇట్లు,
లైనక్స్ సర్వర్లు చూసుకునే కొందరు,
విజయవాడ